పొగ తెర వెనుక మసకబారే చూపు

సిగరెట్ తాగితే క్యాన్సర్ వస్తుందని ఈ రోజుల్లో బడికి వెళ్లే పిల్లవాడు కూడా చెబుతాడు. గుండె దెబ్బతింటుందని, ఊపిరితిత్తులు పాడవుతాయని తాగేవారికే అందరికంటే బాగా తెలుసు. కాని కంటిచూపు పోతుందని ఎంతమందికి తెలుసు? మీ ఇంట్లో పొగతాగేవారు ఎవరైనా ఉంటే ఈ సాయంత్రం అడిగి చూడండి. "కళ్లకూ సిగరెట్టుకూ ఏమిటి సంబంధం? పొగ తగిలితే కాసేపు మండుతాయి, అంతేగా!" అన్న జవాబే ఎక్కువగా వస్తుంది.

అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. ఊపిరితిత్తులు చెడితే దగ్గు వస్తుంది, ఆయాసం వస్తుంది. గుండె చెడితే నొప్పి వస్తుంది. కన్ను మాత్రం నోరు విప్పదు. పొగవల్ల కంటికి జరిగే పెద్ద నష్టాలు రెండూ నొప్పి లేకుండానే జరిగిపోతాయి. పైగా అవి యాభై, అరవై ఏళ్లు దాటాక బయటపడతాయి. అందుచేత "వయసు మీద పడింది, చూపు తగ్గింది" అని నేరాన్ని వయసు మీదికి నెట్టేస్తాం. ముప్పై ఏళ్లపాటు రోజుకొక పెట్టె కాల్చిన సంగతి ఆ లెక్కలోకి రానే రాదు.

మన వీధిలో

సోమాజిగూడలో రాజ్ భవన్ రోడ్డు నుండి పంజగుట్ట చౌరస్తా వరకు, అక్కడి నుండి అమీర్‌పేట మైత్రీవనం వరకు ఒకసారి నడిచి చూడండి. ఆఫీసులు, ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు. వాటిని ఆనుకుని టీ కొట్లు, పాన్ డబ్బాలు. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగరాదన్న నిబంధనలు 2008 అక్టోబరు 2 నుండి అమలయ్యాక ఆఫీసు లోపల పొగ తగ్గింది, నిజమే. తాగేవారు గేటు దాటి టీ కొట్టు దగ్గరికి చేరారు. జిల్లాల నుండి కంప్యూటర్ కోర్సుల కోసం అమీర్‌పేటకు వచ్చే కుర్రవాడికి మొదటి సిగరెట్ దొరికేది అక్కడే. చేతిలో చాయ్ గ్లాసు, పక్కన నలుగురు స్నేహితులు, అందులో ఒకరి దగ్గర అగ్గిపెట్టె. అంతకంటే ఏం కావాలి?

అతడు పెట్టె కొనడు, విడిగా ఒక సిగరెట్ కొంటాడు. ఇందులో ఒక చిక్కు ఉంది. మన దేశంలో 2016 నుండి సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక ఉండాలి, అందులో బొమ్మ కూడా ఉండాలి. విడి సిగరెట్ కొనేవాడికి ఆ బొమ్మ కనబడే అవకాశమే లేదు. పెట్టె కొన్నవాడికైనా కనబడేది నోటి క్యాన్సరో, గొంతు క్యాన్సరో. కంటి మాట మన పెట్టెల మీద రాలేదు. ఆస్ట్రేలియాలో 2006లో బొమ్మల హెచ్చరికలు వచ్చినప్పుడే వాటిలో ఒకటి తెరిచిన కంటి బొమ్మ. పొగతాగడం అంధత్వాన్ని కలిగిస్తుందని దాని మీద సూటిగా రాశారు. ఐరోపా దేశాల పెట్టెల మీది హెచ్చరికల్లో కూడా అంధత్వం ఒకటి. మన కుర్రవాళ్ల కళ్లేమైనా వేరే మట్టితో చేసినవా?

పొగాకుతో మనకున్న బంధుత్వం కూడా తక్కువది కాదు. వజీర్ సుల్తాన్ పొగాకు కంపెనీ 1930లో హైదరాబాదులోనే పుట్టింది. చార్మినార్ పేరు విన్నప్పుడు కట్టడం కంటే ముందు సిగరెట్ పెట్టె గుర్తుకొచ్చే తరం ఒకటి ఈ నగరంలో పెరిగింది. పొగాకు బోర్డు 1976 నుండి గుంటూరులో ఉంది. పొగాకు పండించి పిల్లలను చదివించుకున్న కుటుంబాలు, బీడీలు చుట్టి సంసారాన్ని నెట్టుకొచ్చిన తల్లులు మన బంధువర్గంలోనే ఉన్నారు. వారిని తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాలిన తరువాత ఆ ఆకు కంటిని ఏం చేస్తుందో చెప్పడమే ఉద్దేశం.

కంటిలో జరిగేది

కంటిపాప వెనుక చిన్న కటకం ఉంటుంది. గాజులా నిర్మలంగా ఉండి, వెలుగును లోపలి తెర మీదికి చేరవేయడం దాని పని. దీనిలో రక్తనాళాలు ఉండవు. ఇంకొక విశేషం కూడా ఉంది. మన చర్మం రాలి కొత్తది వస్తుంది, గోరు పెరుగుతుంది. కాని కటకం నడిమధ్య ఉన్న పోగులు మనం తల్లి గర్భంలో ఉన్నప్పుడు ఏర్పడినవే. వాటిలోని మాంసకృత్తులు మారవు, కొత్తవి రావు. మీకు అరవై ఏళ్లుంటే వాటికీ అరవై ఏళ్లు. ఏ కొద్ది హాని జరిగినా అది ఆ లెక్కలో జమ అవుతూ పోవలసిందే.

పొగలోని విషాలు ఊపిరితిత్తుల ద్వారా రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. కంటికి రక్షణగా ఉండే విటమిన్ సి పొగతాగేవారి రక్తంలో తక్కువగా ఉంటుంది. పొగాకులో ఉండే కాడ్మియం అనే లోహం కటకంలో పేరుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ కటకం నడిమి భాగం పసుపు రంగుకు, ఆపైన గోధుమ రంగుకు తిరుగుతుంది. దీన్నే మనం శుక్లం అంటాం. శుక్లాలు ఎండవల్ల, మధుమేహంవల్ల, కేవలం వయసువల్ల కూడా వస్తాయి. పొగ చేసే పని ఏమిటంటే, రావలసినదాన్ని ముందుగా రప్పించడం, రాకపోయేవారికి కూడా తెచ్చిపెట్టడం. 1992లో అమెరికాలో వేలాది మంది డాక్టర్ల మీద జరిగిన పరిశీలన వెలువడింది. రోజుకు ఇరవై, అంతకు మించి సిగరెట్లు కాల్చిన డాక్టర్లలో శుక్లాలు ఎన్నడూ కాల్చనివారికంటే సుమారు రెండు రెట్లు ఎక్కువగా వచ్చాయి. ఊరందరికీ ఆరోగ్యం గురించి చెప్పేవారి కళ్లే అవి!

"అది అమెరికా సంగతి. మన ఎండ వేరు, మన తిండి వేరు" అనేవారు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మన పక్కనే ఉంది.

బంజారా హిల్స్ నుండి బయలుదేరిన పరిశీలన

పంజగుట్ట దాటి బంజారా హిల్స్ ఎక్కితే రెండో నంబరు రోడ్డులో ఎల్. వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. సినీ దర్శక నిర్మాత ఎల్. వి. ప్రసాద్ గారి విరాళంతో, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారి సారథ్యంలో 1987లో మొదలైన సంస్థ ఇది. ఈ సంస్థవారు 1996 నుండి 2000 వరకు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఒక పెద్ద పరిశీలన జరిపారు. హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎంపిక చేసిన వీధులకూ పల్లెలకూ వెళ్లి, పసిపిల్లల నుండి ముసలివారి వరకు పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించారు. ఆసుపత్రికి వచ్చిన రోగులను లెక్కపెట్టడం వేరు, ఇళ్లలో ఉన్నవారిని వెతికి పరీక్షించడం వేరు. ఆసుపత్రికి రానివారి సంగతి రెండో పద్ధతిలోనే తెలుస్తుంది.

ఆ పరిశీలనలో తేలిన మొదటి సంగతి, వెయ్యిమందిలో సుమారు 18 మంది అంధులు. వారిలో 44 శాతం మందికి కారణం శుక్లమే. ఆపరేషన్ చేస్తే పోయే జబ్బుతో అంతమంది చీకట్లో ఉన్నారన్న మాట.

రెండో సంగతి మన విషయానికి నేరుగా సంబంధించినది. పొగ అలవాట్లనూ శుక్లాలనూ పోల్చి చూసిన ఫలితాలు 2005లో వెలువడ్డాయి. కంటి కటకం మీద ఎన్నో ఏళ్లు పరిశోధన చేసిన శాస్త్రవేత్త డి. బాలసుబ్రమణియన్ గారు కూడా ఆ బృందంలో ఉన్నారు. సిగరెట్ తాగేవారిలో శుక్లాలు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఎంత ఎక్కువ కాలం, ఎంత ఎక్కువగా తాగితే అంత ఎక్కువ. కాబట్టి ఇది అమెరికా సంగతి మాత్రమే కాదు. మన ఎండలో తిరిగి, మన అన్నం తిన్నవారి కళ్లలో చూసి చెప్పిన మాట.

అదే సంవత్సరం, అదే పరిశీలన నుండి ఇంకొక ఫలితం కూడా వచ్చింది. చుట్టలు విపరీతంగా తాగినవారిలో మాక్యులా అనే భాగం క్షీణించే జబ్బు చెప్పుకోదగ్గంత ఎక్కువగా కనబడింది. సిగరెట్ చెడ్డది గాని చుట్ట మన నాటు సరుకు, దానివల్ల ఏమీ కాదు అనే తాతయ్యలు గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అవ్వలు కూడా ఉన్నారు. వారి అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి వైద్యులు ఎప్పటి నుండో రాస్తున్నారు. పొగాకు ఏ రూపంలో కాలినా వచ్చేది పొగే గదా!

ఆపరేషన్‌కు అందని చూపు

శుక్లం గురించి చెబితే చాలామంది తేలికగా తీసుకుంటారు. "ఆపరేషన్ ఉందిగా! పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి రావచ్చు" అంటారు. అది వాస్తవమే. మసకబారిన కటకాన్ని తీసి కృత్రిమ కటకాన్ని అమర్చే చికిత్స ఈనాడు ఎంతో సులువైంది. కాని మాక్యులా అలాంటిది కాదు. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే ఈ తేడాను గుర్తుంచుకోమని మనవి.

కంటి వెనుక గోడకు అంటుకుని రెటీనా అనే పలుచని తెర ఉంటుంది. దాని నడుమ ఉన్న కొద్దిపాటి జాగాను మాక్యులా అంటారు. అడ్డంగా కొలిస్తే సుమారు అయిదు మిల్లీమీటర్లు. మనం అక్షరాలు చదివేది, సూదిలో దారం ఎక్కించేది, ఎదుటివారి ముఖం గుర్తుపట్టేది దీనితోనే. మిగిలిన రెటీనా అంతా చుట్టుపక్కల ఏముందో చూపడానికి పనికొస్తుంది గాని చదవడానికి పనికిరాదు. ఆ చిన్న చోటికి నిరంతరం ప్రాణవాయువు కావాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తుంది. నికోటిన్ సన్నని రక్తనాళాలను కుంచింపజేస్తుంది. పొగలోని ఇతర పదార్థాలు కణాలను దెబ్బతీస్తాయి. ఇరవై, ముప్పై ఏళ్లు ఇలా గడిచాక నడుమ ఉన్న కణాలు చనిపోవడం మొదలవుతుంది.

1996లో అమెరికాలో నర్సుల మీద ఒకటి, డాక్టర్ల మీద ఒకటి, రెండు పరిశీలనలు ఒకేసారి వెలువడ్డాయి. బాగా పొగతాగేవారికి ఈ జబ్బు వచ్చే అవకాశం రెండు రెట్లకు పైనే అని రెండూ చెప్పాయి. 2014లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి నివేదిక, పొగతాగడమే ఈ జబ్బుకు ఒక కారణమని అనుమానానికి చోటు లేకుండా ప్రకటించింది. శుక్లం విషయంలో అదే మాట 2004లోనే వచ్చింది.

ఈ జబ్బు ఉన్నవారి కష్టం ఇంట్లోవారికి తొందరగా అర్థం కాదు. ఎందుకంటే వారు పూర్తిగా అంధులు కారు. ఇంట్లో తిరుగుతారు, గుమ్మం దాటుతారు, కుర్చీ ఎక్కడుందో చూసుకుని కూర్చుంటారు. కాని ఎదురుగా నిలబడిన కూతురి ముఖం ఉండవలసిన చోట బూడిదరంగు మచ్చ ఉంటుంది. ఆమె భుజం కనబడుతుంది, చీర అంచు కనబడుతుంది, ముఖం మాత్రం కనబడదు. "నిన్న వీధిలో ఎదురుపడి కూడా పలకరించకుండా వెళ్లిపోయారు" అని బంధువులు నొచ్చుకుంటారు. పెద్ద అక్షరాల బైబిలు కొనిస్తారు. అక్షరం పెద్దదైనా, చూపు నిలిపిన చోటనే అది మాయమవుతుంది. "అన్నీ కనబడుతున్నాయి గాని చదవడానికి బద్ధకం" అన్న మాట కూడా పడవలసి వస్తుంది. ఆ వయసులో చదువుకోవడమే తోడుగా ఉన్న మనిషికి ఇది ఎంత బాధో వేరే చెప్పనక్కరలేదు.

జబ్బులో రెండు రకాలున్నాయి. ఒకటి నిదానంగా, ఏళ్ల తరబడి సాగుతుంది. పోయిన కణాలను తిరిగి తెప్పించే మందు దీనికి లేదు. రెండోదానిలో రెటీనా కింద బలహీనమైన కొత్త రక్తనాళాలు మొలిచి కారుతాయి. చూపు కొద్ది వారాల్లోనే పడిపోవచ్చు. దీనికి కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. అవి కారడాన్ని ఆపుతాయి, తొందరగా వెళితే కొంత చూపును కూడా నిలుపుతాయి. కాని పదేపదే వేయించుకోవాలి, ఖర్చు కూడా తక్కువ కాదు.

మిగిలినవి

థైరాయిడ్ ఎక్కువగా పనిచేసే జబ్బు ఉన్నవారిలో కొందరికి కళ్లు ముందుకు పొడుచుకొస్తాయి, ఒకటి రెండుగా కనబడతాయి. పొగతాగేవారికి ఇది ఎక్కువగా, తీవ్రంగా వస్తుంది. చికిత్సకు కూడా సరిగా లొంగదు. మధుమేహం ఉన్నవారి సన్నని రక్తనాళాలు ముందే బలహీనం. వాటి మీద పొగ కూడా తోడైతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

సరైన తిండి లేకుండా సారా, చుట్ట రెండూ ఉన్నవారికి కంటినరం దెబ్బతినే జబ్బు ఒకటి వస్తుంది. రెండు కళ్లలోనూ నడిమి చూపు మెల్లగా తగ్గుతుంది, ఎరుపు రంగు వెలిసినట్టు కనబడుతుంది. దీనిలో ఒక ఊరట ఉంది. తొలిదశలోనే రెండూ మానేసి, మంచి ఆహారం, బి12 వంటి విటమిన్లు తీసుకుంటే చూపు చాలావరకు తిరిగి వచ్చే అవకాశముంది.

పొగతాగనివారి సంగతి ఏమిటి? భర్త గదిలో కూర్చుని తాగితే భార్యా పిల్లలూ ఆ గాలే పీలుస్తారు. కళ్లు ఎర్రబడటం, పొడిబారడం, నీరు కారడం వెంటనే తెలిసేవి. గర్భవతి పొగతాగితే బిడ్డ నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం ఉంది. అలాంటి పసికందుల రెటీనాకు వచ్చే జబ్బు సకాలంలో పట్టుకోకపోతే చూపును శాశ్వతంగా తీసేస్తుంది. కట్టెల పొయ్యి ముందు జీవితమంతా గడిపిన స్త్రీలలో శుక్లాలు ఎక్కువని కూడా మన దేశంలో, నేపాల్‌లో జరిగిన పరిశీలనలు చెబుతున్నాయి. ఆ తల్లులు సిగరెట్ ముట్టినవారు కారు.

హుక్కాలో పొగ నీటిలోంచి వస్తుంది కాబట్టి హాని లేదన్న భ్రమ యువకుల్లో ఉంది. నీరు పొగను చల్లబరుస్తుంది, శుభ్రం చేయదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో హుక్కా కేంద్రాలను నిషేధించింది. ఎలక్ట్రానిక్ సిగరెట్లను కేంద్ర ప్రభుత్వం 2019లోనే నిషేధించింది.

మానేస్తే?

అరవై ఏళ్లకు మానేసి ఏం లాభం అని అడుగుతారు. లాభం ఉంది. మానేసినవారిలో మాక్యులా జబ్బు ప్రమాదం ఏడాది ఏడాదికీ తగ్గుతూ వస్తుంది. ఇరవై ఏళ్లు గడిచాక ఎన్నడూ తాగనివారికి దాదాపు సమానమవుతుందని బ్రిటన్‌లో జరిగిన ఒక పరిశీలన చెప్పింది. శుక్లం ప్రమాదం కూడా తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. కటకం పాత లెక్కలు మరిచిపోదు. ఒక కంటిలో జబ్బు వచ్చినవారు రెండో కంటి కోసమైనా మానవలసిందే.

మానడం మాటల్లో చెప్పినంత సులువు కాదు. నికోటిన్ వ్యసనం బలమైనది. మొదటి వారం చిరాకు, నిద్రలేమి, తలనొప్పి ఉంటాయి. ఆ వారంలో ఇంటివారు దెప్పిపొడవకుండా ఉంటే అదే పెద్ద సాయం. టీ తాగే చోటు మార్చుకుని బాగుపడినవారు ఉన్నారు. నికోటిన్ బిళ్లలు, చూయింగ్ గమ్ వంటివి డాక్టరు సలహాతో వాడవచ్చు. సిగరెట్ పెట్టెల మీద 2018 నుండి 1800-11-2356 అనే నంబరు అచ్చు వేస్తున్నారు. మానాలనుకునేవారికి సలహా ఇచ్చే ప్రభుత్వ టెలిఫోన్ అది, డబ్బు ఖర్చు లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కంటికి మంచిదని మందుల దుకాణంలో విటమిన్ బిళ్లలు కొని మింగే అలవాటు మనవారికి ఉంది. వాటిలో కొన్నింటిలో బీటా కెరోటిన్ ఉంటుంది. ఫిన్లాండులో 29 వేల మంది పొగతాగే పురుషుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ బిళ్లలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, పెరిగింది. అందుకే మాక్యులా జబ్బుకు ఇచ్చే బిళ్లల్లో 2013 తరువాత దాని స్థానంలో ల్యూటిన్ వంటివి వచ్చాయి. పొగతాగేవారు, మానేసినవారు పెట్టె వెనుక రాసింది డాక్టరుకు చూపకుండా ఏదీ మింగకూడదు. పాలకూర, తోటకూర, మునగాకు తినడానికి మాత్రం ఎవరినీ అడగనక్కరలేదు.

ఇంట్లో చేసుకునే పరీక్ష

పిల్లల లెక్కల పుస్తకం నుండి గళ్ల కాగితం ఒకటి తీసుకోండి. నడుమ పెన్నుతో చిన్న చుక్క పెట్టండి. చదివే కళ్లద్దాలు ఉంటే పెట్టుకుని, వెలుతురులో కూర్చుని, కాగితాన్ని చదివేంత దూరంలో పట్టుకోండి. ఒక కంటిని అరచేతితో మూసి రెండో కంటితో చుక్కనే చూడండి. చుక్క చుట్టూ ఉన్న గీతలు నిటారుగా ఉన్నాయా, వంకరలు తిరుగుతున్నాయా? ఎక్కడైనా గళ్లు చెరిగిపోయినట్టు, మచ్చ పడినట్టు ఉందా? తరువాత రెండో కన్ను. రెండు కళ్లూ తెరిచి చూస్తే బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది, అందుకే ఒక్కొక్కటిగా చూడాలి. యాభై దాటిన పొగతాగేవారు వారానికి ఒకసారి దీన్ని చేసుకుంటే మంచిది. అయితే శుక్లం ఈ పరీక్షలో తెలియదు, కాబట్టి ఏడాదికొకసారి డాక్టరుకు చూపించుకోవడం ఎలాగూ తప్పదు.

గీత వంకరగా కనబడితే కళ్లద్దాల దుకాణానికి వెళ్లి నంబరు మార్పించుకోవద్దు. పండుగ అయ్యాక చూద్దామని వాయిదా వేయవద్దు. ఆ వారంలోనే రెటీనా పరీక్షించే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రి కావలసినవారికి మెహదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది. కంటిపాప పెద్దది కావడానికి చుక్కల మందు వేస్తారు, కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, కాబట్టి వెంట ఒకరిని తీసుకువెళ్లండి. రోజుకు ఎన్ని కాలుస్తారో, ఎన్నేళ్లుగా కాలుస్తున్నారో డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.